పట్టణపు ఇంటి తాళపుచెవి: దినముల అద్దెకు ఇచ్చువారికి సూచనలు

నల్లగొండ, సూర్యాపేట ప్రాంతపు రైతులలో కొందఱు పిల్లల చదువుల నిమిత్తము హైదరాబాదు తూర్పుభాగమున, దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరులలో ఇండ్లు కొనియున్నారు. విజయవాడ రహదారిని వచ్చు బస్సులకు ఎల్.బి.నగరు నగరద్వారము వంటిది. 2018 సెప్టెంబరు 24 నుండి అచ్చటికి అమీరుపేట మీదుగా మెట్రోరైలును నడచుచున్నది. పిల్లల చదువు ముగిసిన పిదప, ఖాళీయింటిని దినముల లెక్కన అద్దెకిచ్చుట లాభకరముగ తోచును. పరీక్షలకు వచ్చు విద్యార్థులు, ఆసుపత్రులకు వచ్చు రోగుల బంధువులు ఇట్టి బసలనే వెదకుదురు. కాని యజమాని గ్రామమున, ఇల్లు పట్టణమున. రెంటికి నడుమ నున్నది తాళపుచెవి. దానిని నిర్వహించు పద్ధతిని ఇచ్చట వివరింతుము.

మొదట మనిషిని తెలిసికొనవలెను. తాళము పిదపటి మాట. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగరున జరిగిన జంట ప్రేలుళ్లలో 18 మంది మరణించిరి. 100 మందికి పైగా గాయపడిరి. నేరస్థులు సమీపమందలి అబ్దుల్లాపూర్‌మెట్టున అద్దెకు బసచేసి యుండిరని జాతీయ దర్యాప్తు సంస్థవారు తేల్చిరి. అద్దె ముందుగా ముట్టినదను నొక్క కారణముచే ఎవరికిని తలుపు తెఱువరాదని ఆ ప్రాంతపు చరిత్రయే చెప్పుచున్నది. కావున వచ్చువారందఱి పేర్లు, గుర్తింపు పత్రములు, ఫోను సంఖ్యలు ముందుగా తీసికొనవలెను. ఆధారు సంఖ్యలో చివరి నాలుగంకెలు మాత్రము కనబడు ప్రతి చాలును; అతిథి సమాచారమును భద్రపఱచుట మన బాధ్యత. విదేశీయులు వచ్చినచో 24 గంటలలో ప్రభుత్వమునకు తెలుపవలెను. స్థానిక పోలీసుఠాణావారి నియమములను, అపార్టుమెంటు సంఘమువారి సమ్మతిని ముందే తెలిసికొనుట మేలు.

ఇక తాళపుచెవి. తాకట్టు బంగారముంచు ఇనుపపెట్టెను ఇద్దఱు చేరిననే తెఱచునట్లు సహకార సంఘములలో ఏర్పాటు చేయుదురు. ఎవరిని నమ్మకపోవుటచే కాదు. ఒకరి పొరపాటును రెండవవారు పట్టుకొనుటకే. ఇంటికిని అదియే నీతి. పత్రములను యజమాని గ్రామముననే పరిశీలింపవలెను. పొరుగున నున్న నమ్మకస్థుడొకడు వచ్చినవారి ముఖములను పత్రములతో పోల్చి, మనుష్యులను లెక్కించి, పిదపనే తాళపుచెవి ఇయ్యవలెను. అతనికి తగిన ప్రతిఫలము ముట్టజెప్పుట న్యాయము. ఎన్ని చెవులున్నవి, ఎప్పుడు ఎవరికిచ్చితిమి, ఎప్పుడు తిరిగివచ్చినవి యనునది పుస్తకమున వ్రాయవలెను. చెవికి కట్టిన బిళ్లపై ఇంటి నంబరు వ్రాయరాదు. ఒకటి పోయినచో నకలు చేయించి సరిపెట్టక తాళమునే మార్పవలెను.

అయినను, తిరిగివచ్చిన చెవికి బజారులో నకలు తీయబడలేదని చెప్పజాలము. అందుచేత కొందఱు అంకెల తాళమును అమర్చుచున్నారు. నాలుగంకెల సంఖ్యలు 0000 మొదలు 9999 వఱకు 10,000 గలవు. కాని యెల్లకాలము ఒకే సంఖ్య నుంచినచో ఆ నాలుగు మీటలే అరిగి మెఱయును. అవి వేఱువేఱు అంకెలైనచో, కనిపెట్టినవానికి మిగులు వరుసలు 24 మాత్రమే. కనుక ప్రతి అతిథియు వెడలిన వెంటనే సంఖ్యను మార్పవలెను. పుట్టిన సంవత్సరము, ఇంటి నంబరు పెట్టరాదు. క్రొత్త సంఖ్యను వచ్చుదినముననే తెలుపవలెను. ఈ తాళములు బ్యాటరీలతో పనిచేయును. అవి తీఱిపోయినచో అర్ధరాత్రి బస్సు దిగిన కుటుంబము వీథిలో నిలువవలసివచ్చును. అందులకై మామూలు తాళపుచెవి యొకటి నమ్మకస్థునివద్ద నుండవలెను. అంకెల తాళమున్నను, ముఖము చూచి లోనికి పంపు మనిషి అవసరము తీఱదు.

తుదకొక్క మాట. తాళపుచెవి అప్పగించిన పిదప, ఆ దినములకు ఆ యిల్లు అతిథిది. మనవద్ద రెండవచెవి గలదని చెప్పకుండ లోనికి పోరాదు. లోపలి గడియ చక్కగా పడునట్లుండవలెను. ఒంటరిగా వచ్చిన స్త్రీకి అదియే ధైర్యము. కెమేరా నుంచినచో వాకిలి వెలుపలనే యుంచి, ఆ సంగతి ముందుగా తెలుపవలెను. ఎయిర్‌బీఎన్‌బీ యను బసల సంస్థవారును 2024 ఏప్రిల్ 30 నుండి ఇంటిలోపల కెమేరాలను నిషేధించిరి.

ఈ శ్రమ పడజాలనివారు నెలల అద్దెకు తెలిసిన కుటుంబమున కిచ్చుట ఉత్తమము. ఆదాయము కొంత తగ్గవచ్చును; నిద్ర మాత్రము తగ్గదు. శ్రమకు సిద్ధపడువారు పుస్తకమును, నమ్మకస్థుని ముందు కుదుర్చుకొని, పిదపనే ఇంటిని అద్దెకు పెట్టుదురుగాక.