దూరశిక్షణలో బలసాధన: స్వల్ప వ్యయంతో ఆన్‌లైన్ వ్యాయామ శిక్షకుడగుట ఎట్లు?

ప్రస్తావన

తెలుగునాట వ్యాయామ విద్యకు ఘనమైన పూర్వచరిత్ర ఉన్నది. వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తి నాయుడు బలప్రదర్శనలతో దేశమంతటా కీర్తి గడించాడు. హైదరాబాదు పాతబస్తీ తాలీంఖానాలలో ఉస్తాదుల చేతిక్రింద ఎందరో పహిల్వానులు తయారైనారు. ఆమదాలవలస ప్రాంతపు పల్లెలో బరువులెత్తుటలో తొలిపాఠాలు నేర్చిన కరణం మల్లేశ్వరి, 2000లో సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతిలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్య పతకం సాధించింది. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. ఈ సంప్రదాయమంతటిలోను ఒక సమాన లక్షణం కానవస్తుంది: గురువు శిష్యుని ఎదుటనే నిలిచి, తప్పును కంటితో చూచి, చేతితో సరిదిద్దేవాడు.

నేడు శిక్షకుడు కర్నూలులోను, శిష్యుడు కువైట్‌లోను ఉండవచ్చును. చేతిలోని ఫోను వారిద్దరినీ కలుపుతున్నది. కొద్దిపాటి డబ్బుతో ఇది జీవనోపాధి కాగలదా అని వ్యాయామంలో ఆసక్తి గల విద్యార్థులు ఆలోచించుట సహజము. కాగలదు. అయితే దూరము వలన గురువు చేతికి కలిగిన లోటును దేనితో పూరించవలెనో తెలిసికొన్నవారికే అది సాధ్యము. ఆ విషయమును ఈ వ్యాసంలో స్థూలంగా పరిశీలింతము.

తపాలా నాటి పాఠము

దూరమునుండి బలసాధన నేర్పుట కొత్త విషయము కాదు. యూజెన్ శాండో లండను నుండి తపాలా ద్వారా వ్యాయామ పాఠములు పంపెను. 1920వ దశకంలో చార్లెస్ అట్లాస్ న్యూయార్కులో అట్టి వ్యాపారమునే సాగించెను. బెంగుళూరులో కె.వి. అయ్యర్ తన వ్యాయామశాలతోపాటు తపాలా శిక్షణను కూడ నడిపెను. వీరి పాఠములలో బొమ్మలు, సూచనలు ఉండేవి; కాని శిష్యుడు తన గదిలో ఆ వ్యాయామమును ఎట్లు చేయుచున్నాడో గురువు చూడగల అవకాశము లేదు.

నేటి శిక్షకునికి ఆ అవకాశము ఉన్నది. వీడియోలో చూడవచ్చును, గొంతు వినవచ్చును, ఆ రోజుననే జవాబు ఇవ్వవచ్చును. ఈ సౌకర్యమును వాడుకొనక, ఒకే పట్టికను వందమందికి పంపి ఊరకుండువాడు తపాలా కాలమునకు తిరిగిపోయినట్లే. కనుక స్వల్ప పెట్టుబడి గలవాడు తన డబ్బును, కాలమును చూచుటకు, వినుటకు, వ్రాసి ఉంచుటకు వెచ్చించవలెను. ఆర్భాటమునకు కాదు.

మొదట దగ్గరగా, తరువాత దూరముగా

మన దేశంలో వైద్యునికి ఉన్నట్లు వ్యాయామ శిక్షకునికి చట్టబద్ధమైన నమోదు విధానము లేదు. ఎవరైనను తాను శిక్షకుడనని చెప్పుకొనవచ్చును. ఇందువలన ప్రవేశము సులభమైనది. బాధ్యత మాత్రము బరువైనది. 1961లో పటియాలాలో స్థాపితమైన జాతీయ క్రీడా సంస్థ వంటివి శిక్షకులకు తరగతులు నడుపుచున్నవి. అంత దూరము పోలేనివారు కనీసము తమ ఊరి వ్యాయామశాలలో ఆరు నెలలు సహాయకులుగా పనిచేయుట మేలు. పొట్టివారు, పొడుగువారు, లావుపాటివారు, యాభై ఏండ్లు దాటినవారు ఒకే వ్యాయామమును ఎన్ని విధములుగా చేయుదురో కన్నులారా చూచినవానికే, తరువాత చిన్న తెరమీద తప్పు కనబడుతుంది. ప్రథమ చికిత్సలో శిక్షణ కూడ అవసరమే.

శాస్త్రము స్వల్పమే, ఓపిక అధికము

బలవృద్ధికి మూలసూత్రము ఒక్కటే: శరీరము అలవాటుపడిన కొలదిని భారమును క్రమముగా పెంచుట. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో గాయపడిన సైనికులకు థామస్ డిలోర్మ్ అను అమెరికా సైనిక వైద్యుడు ఈ పద్ధతిని అమలుపరచి, 1945లో ప్రకటించెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకములు పెద్దలందరికి వారమునకు కనీసము రెండు రోజులు కండరములను బలపరచు వ్యాయామము కావలెనని చెప్పుచున్నవి. అనగా ఈ విద్య పహిల్వానులకు మాత్రమే కాదు. బల్ల ముందు కూర్చుండు గుమాస్తాకు, ఇంటి చాకిరీతో నడుము పట్టుకొనిపోయిన గృహిణికి కూడ వలసినదే.

శిష్యునికి ఖరీదైన పరికరములు లేకున్నను ఆరంభింపవచ్చును. లీటరు నీరు కిలో బరువు. నిండిన ఇరవై లీటర్ల క్యాను సుమారు 20 కిలోలు. పాత పుస్తకాల సంచిలో నీళ్ళ సీసాలు పేర్చినచో కిలో చొప్పున పెంచుకొనదగిన బరువు సిద్ధమగును. ఒక ఉదాహరణ చూడుడు. శిష్యుడు 10 కిలోల సంచిని ఎదకు హత్తుకొని బస్కీలు తీయుచున్నాడనుకొందము. వారమునకు మూడు రోజులు, రోజునకు మూడు విడతలు, విడతకు 8 మార్లు. ఇంకను రెండు మార్లు చేయగల శక్తి మిగిలి ఉండగానే విడతను ముగించవలెను. శక్తి పెరిగిన కొలదిని 8ని 9కి, 10కి పెంచుకొనుచు, మూడు విడతలలోను 12 మార్లు చక్కగా చేయగలిగిన నాడు సంచిలో 2 కిలోలు చేర్చి, తిరిగి 8తో మొదలిడవలెను. ఈ లెక్కను తప్పక వ్రాసి ఉంచినచో ప్రగతి కంటికి కనబడుతుంది. వ్రాయనిచో శిష్యుడును, గురువును ఊహల మీద నడచెదరు.

మాటయే చేయి

ఎదుట ఉన్న ఉస్తాదు శిష్యుని నడుము మీద చేయి వైచి సరిదిద్దును. దూరపు గురువునకు మాటయే చేయి. "వీపు సరిగా ఉంచండి" అను మాట వలన ప్రయోజనము స్వల్పము. ఏది సరియో శిష్యునికి తెలియదు. "గోడకు జానెడు దూరంలో, గోడవైపు వీపు ఉంచి నిలబడండి, మోకాళ్ళు కొద్దిగా వంచి, పిరుదులతో గోడను తాకండి" అన్నచో నడుము వంగకుండ తుంటి వద్ద వంగుట దానంతట అదే అలవడును. ఇట్టి సూచనలను ఒక్కొక్క వ్యాయామమునకు రెండు మూడు వ్రాసికొని, ఇంటివారి మీద, మిత్రుల మీద ప్రయోగించి చూడవలెను. చెప్పగానే అర్థమైన వాక్యమును ఉంచి, కానిదానిని కొట్టివేయవలెను.

వీడియో విషయమున మూడు నియమములు చాలును. ఫోను తుంటి ఎత్తున ఉండవలెను. తల నుండి పాదము వరకు కనబడవలెను. ఆనాటి చివరి విడతను పంపవలెను, ఏలయన అలసట కలిగిన తరువాతనే తప్పులు బయటపడును. ముఖము కనబడవలసిన అవసరము లేదు. ఇది ముఖ్యముగా స్త్రీల విషయమున గమనింపదగినది. పురుషులు కూడ వచ్చు వ్యాయామశాలకు పోవుటకు ఇష్టపడని స్త్రీలు మన సమాజంలో అనేకులు ఉన్నారు. వ్యాయామ విద్య నేర్చిన యువతులకు ఇది సేవయు, ఉపాధియు కాగల రంగము. శిష్యుల వీడియోలను అనుమతి లేక ఎవరికిని చూపరాదు. పని ముగిసిన వెంటనే తుడిచివేయవలెను. ఒక్క వీడియో బయటికి పోయినచో ఒక ఆడపిల్ల సాధన శాశ్వతముగా ఆగిపోవచ్చును.

కాదు అనవలసిన చోట

బరువు పెంచుటకు ముందు ప్రశ్నలు అడుగవలెను. గుండెజబ్బు ఉన్నదా? శ్రమపడినప్పుడు ఛాతీలో నొప్పి వచ్చునా? తల తిరిగి పడిపోయినారా? రక్తపోటుకు మందులు వాడుచున్నారా? ఎముకలలో, కీళ్ళలో బాధ ఉన్నదా? 1970వ దశకంలో కెనడాలో రూపొందిన ఏడు ప్రశ్నల పత్రము ఈ పద్ధతికి ప్రసిద్ధమైన మాదిరి. వీటిలో ఒక్కదానికి "అవును" అని జవాబు వచ్చినను, వైద్యుని సలహా లేక శిక్షణ ఆరంభింపరాదు. గర్భవతులు, ఇన్సులిన్ వాడువారు కూడ ముందుగా వైద్యుని సంప్రదింపవలెను. సాధన నడుమ ఛాతీనొప్పి గాని, నడుము నుండి కాలిలోనికి ప్రాకు నొప్పి గాని కలిగినచో వెంటనే ఆపి వైద్యుని వద్దకు పంపవలెను. వెయ్యి మైళ్ళ దూరములో ఉన్న శిష్యుడు కూలబడినచో గురువు చేయగలది ఏమియు లేదు; కనుక చేయవలసినదంతయు ముందే చేయవలెను.

ఆహారము విషయమున సైతము హద్దు మీరరాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ద్వారా వెలువడిన 2020 నాటి ప్రమాణము ప్రకారము ఆరోగ్యవంతులైన పెద్దలకు శరీరపు బరువులో కిలోకు 0.83 గ్రాముల చొప్పున దినమునకు మాంసకృత్తులు సిఫారసు చేయబడినవి. 60 కిలోల మనిషికి ఇది సుమారు 50 గ్రాములు. పప్పు, పెరుగు, గ్రుడ్లు, చేప, మాంసము, సెనగలతో దీనిని పొందవచ్చును. 2024 నాటి ఆ సంస్థ మార్గదర్శకములు కండ పెంచుటకై మాంసకృత్తుల పొడులు వాడవద్దని సూచించినవి. శిష్యునికి డబ్బాలు అమ్మి కమీషను తీసికొను శిక్షకుడు గురుస్థానము విడిచి బేరగాడగుచున్నాడు.

రంజాన్ ఉపవాసములు, అయ్యప్ప దీక్ష, రాత్రి డ్యూటీ, పరీక్షలు వంటి శిష్యుని పరిస్థితులను ముందే తెలిసికొని, ఆ దినములలో భారమును తగ్గించి, వేళను మార్చవలెను.

పెట్టుబడి, రాబడి

పెట్టుబడిలో మొదటిది ఇప్పటికే చేతనున్న ఫోను. దానికి తోడు ఒక నిలువు స్టాండు, అంతర్జాల ఖర్చు, ప్రథమ చికిత్స తరగతి రుసుము. ప్రశ్నపత్రములకు, లెక్కల పట్టికలకు, వీడియో సంభాషణలకు గూగుల్, వాట్సాప్ వంటివి ఉచితముగా లభించుచున్నవి. 2016లో ప్రారంభమైన యు.పి.ఐ. ద్వారా రుసుము స్వీకరింపవచ్చును. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. సేవల ఆదాయము ఏటా 20 లక్షల రూపాయలు దాటనంతవరకు సాధారణముగా జి.ఎస్.టి. నమోదు అవసరము లేదు. సొంత వెబ్‌సైటు, చిహ్నము, దీపముల అలంకరణ, ప్రకటనలు మొదటి సంవత్సరము అనవసరము.

అసలు ఖర్చు కాలము. ఒక శిష్యుని వీడియోలు, లెక్కలు చూచుటకు వారమునకు అరగంట, మాటలాడుటకు పావుగంట అనుకొన్నచో నాలుగు వారములకు మూడు గంటలు. పట్టిక వ్రాయుటకు మరి ఒక గంట. నెలకు 1,200 రూపాయలు రుసుము పెట్టినచో గంటకు 300 రూపాయలు వచ్చును. పదిమందికి 40 గంటలు, 12,000 రూపాయలు. పాతికమందికి 100 గంటలు, 30,000 రూపాయలు. అంతకు మించి చేర్చుకొన్నచో ఎవరికో ఒకరికి చూపు తగ్గక తప్పదు. కనుక మొదట ముగ్గురితో, ఎనిమిది వారములకు, సగము రుసుముతో ఆరంభించుట ఉచితము. పూర్తిగా ఉచితమైనచో శిష్యుడు లెక్క వ్రాయుటలో అలసత్వము చూపుట కద్దు. చదువు, ఉద్యోగము విడిచి దీనిలో దూకుట వివేకము కాదు.

విదేశములలోని తెలుగువారు కూడ శిష్యులు కావచ్చును. అయితే కువైట్ మనకంటె రెండున్నర గంటలు వెనుక; డల్లాసు ఋతువును బట్టి పదిన్నర లేక పదకొండున్నర గంటలు వెనుక. అందరికీ "ఎప్పుడైనను పిలువుడు" అని మాట యిచ్చువాడు తన నిద్రను పోగొట్టుకొనును. మాటలాడు వేళలు, జవాబిచ్చు గడువు, నడుమ మానుకొన్నచో డబ్బు తిరిగి ఇచ్చు పద్ధతి మొదటనే వ్రాసి ఇవ్వవలెను.

ముగింపు

అంగబలము, అర్థబలము లేనివానికి కూడ ఈ వృత్తిలో చోటున్నది. ప్రచారమున వేలమంది చూచిన వీడియో కంటె, ఆరు నెలల క్రితము సంచి ఎత్తలేక, నేడు తన బిడ్డను ఎత్తుకొని మెట్లెక్కగలిగిన ఒక తల్లి చెప్పు మాట ఎక్కువ మందిని శిక్షకుని వద్దకు చేర్చును. ఆ మాట డబ్బుతో కొనదగినది కాదు. ప్రతి వారము చూచి, అడిగి, వ్రాసి సంపాదించవలసినది. ఈ రంగమున ప్రవేశింపదలచిన విద్యార్థి మిత్రులు తమ మొదటి రూపాయిని కెమెరాకు కాక, ఒక లెక్కల పుస్తకమునకు వెచ్చింతురుగాక.