పేరుకే పర్సు

మెటామాస్క్ 2016లో వచ్చింది. బ్రౌజర్‌లో ఓ మూల నక్క బొమ్మతో కనిపించే చిన్న ఎక్స్‌టెన్షన్. వాలెట్ అంటారు గానీ అందులో డబ్బులేమీ ఉండవు. ఎవరి దగ్గర ఎంత ఈథర్ ఉందన్న లెక్క ఇథీరియం బ్లాక్‌చెయిన్‌లో, అంటే వేల కంప్యూటర్లలో ఒకేలా రాసి ఉన్న చిట్టాలో ఉంటుంది. వాలెట్‌లో ఉండేది తాళంచెవి మాత్రమే (మా ఇంట్లో సగం తమిళం, 'సావి' అంటాం).

కొత్త ఖాతా తెరిస్తే మామూలుగా 12 ఇంగ్లీషు మాటలు ఇస్తుంది. 2048 మాటల పట్టికలోంచి ఏరినవి. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. మనం పెట్టుకునే పాస్‌వర్డ్ ఆ ఒక్క కంప్యూటర్‌కే. అది మరిచిపోయినా ఈ 12 మాటలు వరుస తప్పకుండా ఉంటే ఎక్కడైనా ఖాతా తిరిగి తెరవచ్చు. అవే పోతే? బ్యాంకులోలా ఆధార్ చూపించి అడగడానికి కౌంటరే లేదు. వేరేవాళ్ల చేతికి చిక్కితే ఆస్తి వాళ్లదే. అందుకే ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోకండి, కాగితం మీద రాసుకోండి. కస్టమర్ కేర్ అని చెప్పి ఆ మాటలు అడిగేవాడు దొంగే, అనుమానం అక్కర్లేదు.

పంపిన ప్రతిసారీ 'గ్యాస్' అనే రుసుము, మామూలుగా ఈథర్‌లో, కట్టాలి. తప్పు అడ్రసుకి పోయింది వెనక్కి రాదు. మన దేశంలో 2022 నుంచి లాభం మీద 30 శాతం పన్ను. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తగ్గించుకోనివ్వరు.