పాత కార్వెట్‌కు ధర కట్టేదెలా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాను. 2003 నాటి షెవర్లే కార్వెట్ జెడ్06 అమ్మకానికి వచ్చింది. అడిగే ధర సబబో కాదో ఎలా తేల్చుకోవాలి?

జవాబు: 2001లో 385 హార్స్‌పవర్‌తో వచ్చిన ఈ కారు 2002 నుంచి 405కు పెరిగింది. మీరు చూసింది ఆ బలమైన రకమే. గేర్‌బాక్స్ ఆరు గేర్ల మాన్యువల్ ఒక్కటే.

ధర నిలబెట్టేవి మూడు: తక్కువ మైళ్లు, సర్వీసు రసీదులు, కంపెనీ బిగించిన భాగాలు. ఇంజిన్‌లో మార్పులకు పాత యజమాని పెట్టిన ఖర్చంతా మీరు భరించనక్కర్లేదు. టైటిల్ పత్రంలో ‘సాల్వేజ్’ (తీవ్రంగా దెబ్బతిన్న బండి) అని ఉంటే బండి ఎంత మెరిసినా వదిలేయండి.

షెడ్డులో కదలకుండా ఉన్న బండి టైర్లు అరగకపోయినా ముసలివవుతాయి. వాటి తయారీ కోడ్‌లో చివరి నాలుగంకెలు వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. కొన్నాక ‘అగ్రీడ్ వాల్యూ’ బీమా తీసుకోండి. కారు పూర్తిగా పాడైతే ముందే ఒప్పుకున్న విలువే లెక్కలోకి వస్తుంది.