దక్షిణావర్త శంఖము

మొన్న సికింద్రాబాదులో ఒక భక్తుడు, స్వామికి సమర్పింపనెంచి వేలు వెచ్చించి కొన్న దక్షిణావర్త శంఖమును నాకు చూపెను.

జంతిక చుట్టలో వరుసల మధ్య ఎడము అంతటా సమానము. శంఖమున అట్లు కాదు. లోని ప్రాణి అంచును మాత్రమే, ఉన్న కొలతకు తగినట్లు పెంచుకొనును. అందుచే చుట్టు పెరుగునే గాని ఆకృతి మారదు. 1705లో మరణించిన స్విట్జర్లాండు గణితవేత్త యాకోబ్ బెర్నూలీ తన సమాధిపై ఈ వక్రమునే కోరగా, శిల్పి, పాపము, జంతిక చుట్టను చెక్కెను!

ఇక చుట్టు తిరుగు దిక్కు. సన్నని కొన పైకుండునట్లు, నోరు మనకు కనబడునట్లు పట్టినచో, ఆ నోరు కుడివైపున నుండవలెను. మన శంఖములలో ఇది మిక్కిలి అరుదు. అమెరికా తీరపు వేరొక జాతి గుల్ల మాత్రము సహజముగానే ఇట్లు తిరుగును. మన శంఖమున నోటిలోపలి నడిమి కాడపై 3, 4 మడతలు వ్రేలికి తగులును.

ఆ భక్తుడు తెచ్చినదానిలో అవి లేవు.