డిపెండెంట్ వీసా మీద ఉన్న భార్యకు చట్టం అండ ఎంత?

హెచ్‌-4 వీసా మీద భర్త వెంట అమెరికా వెళ్లిన మన ఆడపిల్లలను నోరెత్తకుండా చేసే బెదిరింపు ఒకటుంది: ‘పోలీసులను పిలిస్తే నీ వీసా క్యాన్సిల్ చేయించి ఇండియా పంపిస్తా.’ ఇందులో నిజం కొంతే. హెచ్‌-4 వీసా భర్త హెచ్‌-1బి ఉద్యోగ వీసా మీదే ఆధారపడుతుంది, విడాకులు మంజూరైతే ఆ హోదా పోతుంది. అయితే వీసా రద్దు చేసే అధికారం ప్రభుత్వానిదే గానీ భర్తది కాదు. అంతకంటే ముఖ్యం, దెబ్బల నుంచి రక్షణ కోరడానికి వీసాతో పనిలేదు. ఏ వీసా మీద ఉన్నా 911కు ఫోన్ చేయవచ్చు, అక్కడి రాష్ట్ర కోర్టును రక్షణ ఉత్తర్వు అడగవచ్చు.

అయినా ఆ దేశపు చట్టం అందరికీ ఒకేలా అండగా లేదన్నది ఒప్పుకోవాలి. మహిళలపై హింసను అరికట్టేందుకు 1994లో తెచ్చిన చట్టం కింద భార్య సొంతంగా గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకోవాలంటే, భర్త అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయి ఉండాలి. హెచ్‌-1బి ఉద్యోగి భార్యకు ఆ దారి లేదు. ఆమెకు మిగిలింది 2000లో వచ్చిన యూ వీసా. గృహహింస వంటి నేరాలకు గురై, దర్యాప్తుకు సహకరించినవారికి పోలీసులు, ప్రాసిక్యూటర్ వంటి అధికారులు ధ్రువీకరణ ఇస్తేనే దానికి దరఖాస్తు. బాధితులకు ఏడాదికి 10,000 మించి ఇవ్వరు కనుక నిరీక్షణ ఏళ్లకు ఏళ్లు. హింసకు గురైన హెచ్‌-4 భార్యకు వర్క్ పర్మిట్ ఇచ్చే వీలును ఆ 1994 చట్టపు 2005 సవరణ కల్పించింది. ఇవి తెలిసిన ఇమిగ్రేషన్ వకీలుతో విడాకుల డిక్రీ రాకముందే మాట్లాడాలి.

‘కేసు పెడితే అల్లుడి ఉద్యోగం పోతుంది, ఇద్దరూ రోడ్డున పడతారు. ముందు ఇంటికొచ్చేయమ్మా, పెద్దల్లో పెట్టి తేల్చుకుందాం’ అంటారు తల్లిదండ్రులు. ఆ భయం ఉత్తది కాదు. గృహహింస నేరం రుజువైతే అతన్ని దేశం నుంచి పంపించేయవచ్చు. కానీ రక్షణ ఉత్తర్వు సివిల్ వ్యవహారం, అది వచ్చినంత మాత్రాన శిక్ష పడినట్టు కాదు. ఇక ఇంటికొచ్చి ఇక్కడ తేల్చుకోవడం ఎంత కష్టమో మన కేసులే చెబుతున్నాయి. 1975లో తిరుపతిలో పెళ్లయిన ఒక జంటలో భర్త మిస్సోరి కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు. వై.నరసింహారావు కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని సుప్రీంకోర్టు తేల్చేసరికి 1991 వచ్చింది. తోట వెంకటేశ్వర్లు కేసులో 2011లో అదే కోర్టు, పూర్తిగా విదేశంలో జరిగిన నేరంపై ఇక్కడ విచారణ సాగాలంటే కేంద్రం అనుమతి కావాలంది. పుట్టింటికి చేరాక దారి మూసుకుపోదు. 2005 గృహహింస చట్టం కింద తాత్కాలికంగా ఉంటున్న చోటే దరఖాస్తు పెట్టవచ్చు, 2024 దాకా ఐపీసీ 498ఎగా ఉన్న, భార్యపై క్రూరత్వం కేసు కూడా ఆశ్రయం పొందిన ఊళ్లో వేయవచ్చని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అయితే ఆ కేసులు నిలబడేది అమెరికాలో నమోదైన పోలీసు రిపోర్టు, ఆస్పత్రి కాగితాలు, అతను పంపిన మెసేజ్‌ల మీదే. కనుక రమ్మనే ముందు వాటి కాపీలు తన దగ్గర ఉన్నాయా అని కూతుర్ని అడగండి. పాస్‌పోర్ట్ అతను దాచేస్తే భారత కాన్సులేట్‌ను ఆశ్రయించవచ్చు. భర్త వదిలేసిన, హింసించిన మహిళలకు న్యాయసహాయం ఖర్చు కోసం అక్కడే భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది.