పాత నక్షాను పెద్దది చేయుట – చుక్క చెడకుండ



మన సంఘములలో చాలావాటి యొద్ద చేతితో గీసిన పాత పటములు ఉన్నవి. మందిర స్థలపు నక్షా, సమాధుల తోట వరుసలు, సొంత ఊరి పొలము టిప్పన్ మొదలైనవి బీరువాలో మడతలుపడి యుండును. వాటిని పెద్దవి చేయించి గోడకు పెట్టవలెనని కొందరు కోరుచున్నారు. మంచి కోరికే. అయితే స్కాన్ చేయుటలో పోయినది పెద్దది చేసిన తరువాత తిరిగి రాదు.

బీదరు ప్రాంతపు కాగితములతో మరింత జాగ్రత్త అవసరము. 1956 నవంబరు 1 వరకు బీదరు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆనాడు జిల్లా విడిపోయి, బీదరు మైసూరు రాష్ట్రమునకు, జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతములు ఆంధ్రప్రదేశ్‌కు, ఉద్గీరు వైపు బొంబాయి రాష్ట్రమునకు పోయెను. అంతకు పూర్వపు రెవెన్యూ కాగితములలో ఉర్దూ వ్రాత ఎక్కువ. ఉర్దూ అంకెలలో సున్న ఒక చిన్న చుక్క మాత్రమే. సర్వే నంబరు 40 అనగా నాలుగు, దాని ప్రక్కన చుక్క. ఆ చుక్క చెరిగినచో అది 4 అగును. అక్షరములు కూడ అంతే. ఒకే గీతకు క్రింద ఒక చుక్క యున్న ‘బే’, పైన రెండున్న ‘తే’, క్రింద మూడున్న ‘పే’ అగును. ఊరి పేరే మారిపోవచ్చును.

స్కానర్లతో వచ్చు ప్రోగ్రాములలో మచ్చలను తమంతట తామే తొలగించు సదుపాయము ఉండును. కాగితము తెల్లగా వచ్చినదని మనము సంతోషింతుము. కాని ఏది ధూళియో, ఏది సున్నయో ఆ యంత్రమునకు తెలియదు. నౌబాద్ వద్దనున్న కారెజ్‌నే చూడుడి. ఆ సొరంగము భూమిలోపల ఉన్నది, పైకి కనబడునది బావులవంటి మార్గముల వరుస మాత్రమే. అట్టి పటములో ఒక్కొక్క బావి ఒక్కొక్క చుక్క. కనుక ఆ సదుపాయమును ఆపివేయుడి. మచ్చలు తీయవలెనన్న ప్రతిలో, కంటితో చూచి, ఒక్కొక్కటిగా తీయుడి.

ఇక లెక్క. పది అంగుళముల పటమును నలుబది అంగుళములకు పెంచుదుమనుకొందము, అనగా నాలుగు రెట్లు. అంగుళమునకు 300 బిందువులు, అనగా 300 డి.పి.ఐ. చొప్పున స్కాన్ చేసినచో, పెద్ద ప్రతిలో అంగుళమునకు 75 మాత్రమే మిగులును. గీతలు మెట్లు మెట్లుగా కనబడును. గోడపై దూరమునుండి చూచుటకు 150 చాలును గనుక 600 వద్ద స్కాన్ చేయవలెను. దగ్గరగా చదువవలసిన సన్నని వ్రాత యున్నచో 1200 మేలు. స్కానర్ పెట్టెపై పెద్ద సంఖ్యలు చూచి మోసపోవద్దు. దాని ‘ఆప్టికల్’ సంఖ్యయే నిజము. అంతకు మించినది యంత్రము ఊహించి పూరించునదే.

నలుపు తెలుపు పద్ధతిలో స్కాన్ చేయవద్దు. పెన్సిలు గీతలు మాయమగును. రంగులలో చేసి టిఫ్ ఫైలుగా దాచుడి. పదికి ఎనిమిది అంగుళముల పటము 600 వద్ద సుమారు 86 మెగాబైట్లగును. నేటి కంప్యూటర్లకు ఇది భారము కాదు. జేపెగ్ చిన్నదే గాని నల్లని గీతల చుట్టు మసక కమ్మును. జిరాక్సు ప్రతినుండి ఎన్నడును స్కాన్ చేయకుడి. పెళుసైన కాగితమును రోలరు యంత్రములో దూర్చకుడి. పటము అద్దముకంటె పెద్దదైనచో, రెండు మూడు అంగుళములు ఒకదానిపై నొకటి వచ్చునట్లు భాగములుగా తీసి కలుపుకొనవచ్చును.

చాలమంది మరచునది కొలత. పటము క్రింద ‘ఒక అంగుళము = 100 అడుగులు’ అని వ్రాసియుండునుగదా. నాలుగు రెట్లు పెంచిన ప్రతిలో అంగుళము 25 అడుగులే, కాని వ్రాత అట్లే యుండును. ఎవరైనను దానిని నమ్మి స్కేలుతో కొలిచినచో, వైశాల్యము పదునారు రెట్లు వచ్చును! ఒక గుంట పదునారు గుంటలగును. సమాధుల తోట హద్దు విషయములో ఇట్టి పొరపాటు ప్రక్క పొలము వారితో తగవు తెచ్చును. అందుచేత స్కాన్ చేయకముందే పటము ప్రక్కన అంగుళముల స్కేలు నుంచి, దానితో కూడ స్కాన్ చేయుడి. పటముతోపాటు స్కేలు కూడ పెరుగును, లెక్క తప్పదు.

హద్దు తగవులకు మాత్రము ఈ పెద్ద ప్రతి పనికిరాదు. సర్వే కార్యాలయపు ధ్రువీకృత నకలే తీసికొనవలెను. మూలపటమును లామినేషన్ చేయక, మడతలు విప్పి, చదునుగా దాచుడి. పెద్ద ప్రతి అంచున ఎన్ని రెట్లు పెంచినదో, స్కాన్ చేసిన తేదీ ఏదో వ్రాయుడి. ఉర్దూ చదువగల పెద్దలు ఇంకను మన మధ్య నుండగానే ఊళ్ల పేర్లను, నంబర్లను వారిచేత చదివించి, తెలుగులో వేరొక కాగితముమీద ఎక్కించి దానితో జతపరచుడి.