విశ్రాంతి వయస్సులో మగ్గమునకు మరలుట



పావగడ తాలూకాలో మన వల్లూరువంటి పల్లెలనుండి బ్రతుకుతెరువుకై పట్టణములకు పోయి, 60 ఏండ్లకు ఉద్యోగము విరమించి ఇల్లు చేరిన పెద్దలు, తండ్రినాటి మగ్గమున మరల కూర్చుండగోరుట శుభమే. అయితే ఒక హెచ్చరిక. చేయి మరచిన పనిని త్వరలోనే జ్ఞప్తికి తెచ్చుకొనును. కన్ను అట్లు కాదు, చత్వారము వచ్చియుండును.

మా సంఘములో ఒక తాతగారు మొదటనే 100వ నంబరు చీర పడుగు పట్టుకొనిరి. తెగిన పోగు కానరాక, పది దినములకే పడుగు కోసివేసి, "ఇక నా వల్ల కాదు" అని మూల కూర్చుండిరి. లోపము వారి చేతిలో లేదు. నూలు ఎంపికలో ఉన్నది.

నంబరు అనగా నేమి? ఒక పౌను నూలులో 840 గజముల చిలపలు ఎన్ని యున్నవో ఆ లెక్క. 20వ నంబరు పౌనుకు 16,800 గజములు. 80వ నంబరు 67,200 గజములు. అందుచే 80వ నంబరు పోగు మందము 20వ దానిలో దాదాపు సగమే.

కాబట్టి ఈ క్రమమును పాటింపుడు:

1. కంటివైద్యునికి చూపించుకొని తగిన అద్దములు తీసికొనవలెను.
2. తుప్పుపట్టిన ఉక్కు పన్నెను కిరసనాయిలుతో రుద్ది, పొడిగుడ్డతో బాగుగా తుడువవలెను.
3. రెండు పేటల 20వ నంబరు నూలుతో తువ్వాళ్ల పడుగు, పది గజములకు మించకుండ, వేయవలెను. పేట నూలుకు గంజి అక్కరలేదు.
4. గుంటనుండి లేచుటకు దూలమునకు పట్టుత్రాడు కట్టుకొనవలెను.

ఆ తాతగారును తువ్వాళ్లతోనే మరల మొదలిడిరి. ఇప్పుడు ప్రక్కన కూర్చుండి మనుమరాలు కండెలు చుట్టుచున్నది.